సప్పుడు మిషనుది, జుర్మానా మోసెటోనికా?

అమెరికాల ఇండ్ల ముంగట ఆకులూడ్సే మిషను మీద యాభై ఏండ్ల సంది లొల్లి నడుస్తున్నది. ఈ ముచ్చట చెప్తె మన ఊర్ల పోరగాండ్లు నవ్వుతరు. "గంత పెద్ద దేశంల గిదో పంచాదా అన్నా" అంటరు. నవ్వితె నవ్వుండ్రి గని, జర ఆగి సూడుండ్రి. గా లొల్లిల సప్పుడు ఒక్కటే లేదు. అందుల కైకిలి ఉన్నది, గుత్త పని ఉన్నది, బతకపోయినోల్ల కష్టం ఉన్నది. ఎవల నిద్రకు ధర ఎక్కువ, ఎవల చెవికి ధర తక్కువ అనే లెక్క ఉన్నది. గా లెక్క మన పత్తి చేన్లకు గూడ ఎప్పుడో వచ్చింది. మనమే సూస్తలేము.

ముందుగాల ఇప్పటి సంగతి చెప్త. మేరీలాండ్ రాష్ట్రంల మాంట్‌గోమరీ కౌంటీల 2025 జులై 1 సంది పెట్రోలు లీఫ్ బ్లోయర్ వాడొద్దు. అమ్ముడు అంతకు ఏడాది ముందే బందు పెట్టిన్రు. ఓరెగాన్ రాష్ట్రంల పోర్ట్‌లాండ్ నగరం 2026 జనవరి సంది ఏడాదిల తొమ్మిది నెలలు బందు అన్నది. ఆకులు రాలి, వానకు తడిసి, నేలకు అతుక్కపోయే అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలకు మాత్రం సడలింపు ఇచ్చింది. 2028 సంది గా సడలింపు గూడ ఉండది. ఇంకో దిక్కు టెక్సస్, జార్జియా రాష్ట్రాలు 2023ల ఎదురు చట్టాలు చేసినయి. పెట్రోలుతోని నడుస్తదని చెప్పి ఏ నగరం గూడ గీ మిషన్లను బందు పెట్టొద్దని నగరాల చేతులు కట్టేసినయి. ఒక్క దేశంలనే ఒక దిక్కు "ఆపుండ్రి" అంటున్నరు, ఇంకో దిక్కు "ఆపనియ్యం" అంటున్నరు.

మందు పంపుకు అన్నదమ్ముల వరుస

లీఫ్ బ్లోయర్ అంటె ఆకులను గాలితోని ఊది ఒక దిక్కు కుప్పజేసే మిషను. చేత్తోని పట్టుకునేటియి ఉన్నయి, వీపుకు తగిలించుకునేటియి ఉన్నయి. మన చేన్లల్ల మందు కొట్టనీకె వీపుకేసుకునే పెట్రోలు పంపు మీ అందరికి ఎరికే. ఇది దానికి అన్నదమ్ముల వరుస. రెండింటి కడుపుల ఎక్కువగ ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజనే. పెట్రోల్ల ఆయిల్ కలిపి పోస్తరు. మన దాని గొట్టంల నుంచి మందు తుంపర వస్తది, వాల్ల దాంట్ల నుంచి ఉత్త గాలి వస్తది. వీపు మీద మోసెటోని చెవి పక్కన ఇంజను అరుసుడు మాత్రం రెండింట్ల ఒక్కటే.

1970లల్ల కాలిఫోర్నియాల కరువొచ్చింది. అప్పటిదాంక వాకిండ్లు, బాటలు పైపుతోని నీళ్లు కొట్టి కడిగెటోల్లు. నీళ్లకు కట్టడి వచ్చేసరికి గాలి మిషను అక్కెరకొచ్చింది. మిషను వచ్చుడు ఆలస్యం, లొల్లి గూడ వచ్చింది. సముద్రపు ఒడ్డుకుండే కార్మెల్ అనే చిన్న ఊరు 1975లనే గీ మిషన్లను బందు పెట్టింది. తర్వాత కొన్నేండ్లకు సినిమోల్లు, పైసలోల్లు ఉండే బెవర్లీ హిల్స్ గూడ అదే బాట పట్టింది. ముందుగాల ఎవల ఊర్లు బందు పెట్టినయో యాదిల పెట్టుకోండ్రి, ముంగట పనికొస్తది.

లారీల సప్పుడుకు ఓర్చుకున్నోల్లు గీ సప్పుడుకు ఎందుకు ఓర్వలేకపోయిన్రు? లారీ వస్తది, పోతది. ఈ మిషను ఒక్క ఇంటి ముంగట అరగంట, పక్కింటి ముంగట ఇంకో అరగంట గుయ్యిమంటనే ఉంటది. పెట్రోలు ఇంజను సప్పుడుల బొంగురు భాగం ఎక్కువ. సన్నటి సప్పుడును గోడ, కిటికీ అద్దం జర ఆపుతయి. బొంగురు సప్పుడు గోడలు దాటి దూరం దాంక పోతది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పండుకున్న నర్సు, పసిపిల్లను నిద్ర పుచ్చిన తల్లి, ముసలి రోగి, వీల్లంత గా సప్పుడు కింద ఉన్నోల్లే. 2020ల కరోనా వచ్చి అందరు ఇండ్లల్ల కూసున్నంక ఫిర్యాదులు ఇంకింత పెరిగినయి. అప్పటిదాంక పగటి సప్పుడు ఆఫీసుకు పోయెటోల్లకు తెల్వది, ఇంట్ల ఉండెటోల్లకే తెలుసు.

పొగ సంగతి గూడ ఉన్నది. టూ స్ట్రోక్ ఇంజన్ల పోసిన పెట్రోల్ల కొంత భాగం కాలకుండనే బయటికి పోతది. కాలిఫోర్నియా గాలి బోర్డు ఒక లెక్క చెప్పింది. పనోల్లు వాడే బ్లోయర్ ఒక్క గంట నడిస్తె, పొగమంచు లెక్క కమ్ముకునే కాలుష్యం ఎంత వస్తదంటె, 2016 మోడల్ టయోటా క్యామ్రీ కారు 1,100 మైళ్లు పోయినంత. అంటె సుమారు 1,770 కిలోమీటర్లు. మన హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాటిపోవచ్చు. గా పొగను అందరికంటె ముందు పీల్చేది వీపు మీద మోసెటోడు.

గుత్త లెక్క సూడకుంటె న్యాయం దొరకది

ఇప్పుడు అవుతలి దిక్కు సూద్దాం. కాలిఫోర్నియాల తోట పని ఒకప్పుడు జపాన్ నుంచి వలసొచ్చిన కుటుంబాలు శాన మంది చేసెటోల్లు. తర్వాత మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చినోల్లు చేస్తున్నరు. వీల్లల్ల చిన్న చిన్న గుత్తలోల్లే మస్తు మంది. ఒక పాత ట్రక్కు, రెండు మిషన్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఇంటికింత అని మాట్లాడుకుంటరు, గంటకింత అని గాదు. రోజుకు ఎన్ని ఇండ్లు చేస్తె గన్ని పైసలు.

మనకు గుత్త అంటె ఏందో ఎవలూ చెప్పాల్సిన పని లేదు. ఎకరం పత్తి ఏరుడు గుత్తకు పట్టినోనికి చేతి వేగమే కూలి. గుత్తకు చేసే తోటమాలిని "మిషను ఆపు, దంతెతోని గుంజు, పొరకతోని ఊడువు" అంటె ఏమయితది? అరగంట పని గంటన్నర అయితది. ఇంటాయన రేటు పెంచడు. పది ఇండ్లు చేసే కాడ ఆరు ఇండ్లు అయితయి. ఇంటాయనకు నిమ్మలం వచ్చింది, తోటమాలికి నాలుగిండ్ల కూలి పోయింది. నిమ్మలానికి పైసలు ఎవలు కట్టిన్రంటె, అందరికంటె తక్కువ పైసలున్నోడు కట్టిండు.

గీ లెక్క తోనే లాస్ ఏంజెలెస్‌ల లొల్లి ముదిరింది. 1996ల నగర కౌన్సిల్ ఇండ్లకు 500 అడుగుల లోపల పెట్రోలు బ్లోయర్ నడపొద్దని తీర్మానం చేసింది. సినిమా తారలు గూడ బందు కోసం మాట్లాడిన్రు. తోటమాలులు సంఘం కట్టిన్రు. 1998 జనవరిల సిటీ హాల్ ముంగట ఉపాస దీక్షకు కూసున్నరు. వాల్లు అడిగింది సప్పుడు చేసే హక్కు గాదు, బతికే హక్కు. చట్టం మాత్రం ఆగలే. కాయితం మీద మిషను నడిపెటోనికి, పని చేయించుకునెటోనికి ఇద్దరికీ జుర్మానా అని రాసిన్రు. ఆ మాట మంచిదే. కని అమలు చేసే నాథుడు సరిగ్గ లేడు. ఏండ్లకేండ్లు అక్కడ మిషన్లు మోగుతనే ఉన్నయి. పండుకునెటోనికి నిద్ర రాలే, పనోనికి భయం పోలే. పోలీసు ఎప్పుడొస్తడో, ఎవలు ఫోటో తీస్తరో అనుకుంట పని చేసుడే మిగిలింది.

నేను శాన ఏండ్ల సంది కూలోల్ల పంచాదులల్ల తిరిగినోన్ని. చట్టం మంచిదా చెడ్డదా అని అడిగే ముందు, చట్టం అమలైన తెల్లారి ఎవల జేబుల నుంచి పైసలు పోతయో సూడాలె. గీ ఒక్క సూపు ఉంటె శాన చట్టాల అసలు మొఖం కనపడ్తది.

టైం ఇచ్చిన్రు, పైసలు సరిపోలే

తర్వాత వచ్చిన చట్టాలు జర నేర్చుకున్నయి. వాషింగ్టన్ డీసీల జేమ్స్ ఫాలోస్ అనే పేరున్న జర్నలిస్టు, ఇంకొందరు ఇరుగుపొరుగు కలిసి ఏండ్ల తరబడి తిరిగిన్రు. 2018ల కౌన్సిల్ చట్టం చేసింది. అమలు మాత్రం 2022 జనవరి 1 సంది. నడుమ మూడేండ్లు టైం ఇచ్చిన్రు, పాత మిషను అరిగిపోయినంక బ్యాటరీది కొనుక్కునేతందుకు. వాల్లు వాదించిన తీరు గూడ నాకు నచ్చింది. మా నిద్ర అని ఊకోలే. మిషను మోసే పనోని చెవి, ఊపిరి అని గూడ మాట్లాడిన్రు.

కాలిఫోర్నియా 2021ల రాష్ట్రం మొత్తానికి చట్టం చేసింది. 2024 మోడల్ సంది గిసోంటి చిన్న ఇంజన్లల్ల ఎక్కువ రకాలు పొగ లేనియే కొత్తగ అమ్మాలె. ఇప్పటికే చేతుల ఉన్న పాత మిషనును ఆ చట్టం గుంజుకోలే. బ్యాటరీకి మారే తోటపనోల్లకు సాయం అని 3 కోట్ల డాలర్లు పక్కకు పెట్టిన్రు. వినెటందుకు పెద్ద పైసలే. కని తోటపని వ్యాపారుల సంఘం ఏమన్నదంటె, రాష్ట్రంల గిసోంటి చిన్న వ్యాపారాలు 50 వేల దాంక ఉంటయి, గా పైసలు ఏ మూలకు సరిపోతయి అన్నది. భాగించి సూడుండ్రి. ఒక్కొక్కనికి 600 డాలర్లు. పొద్దంత పని చెయ్యాల్నంటె ఒక్క బ్యాటరీతోని గాదు, మూడో నాలుగో కావాలె. వాటిని ఛార్జింగ్ పెట్టే జాగ కావాలె. పెట్రోలు మిషన్ల డబ్బా నింపితె నిమిషంల మల్ల షురూ అయితది.

బ్యాటరీ మిషను వద్దని నేను చెప్తలేను. సప్పుడు తక్కువ, పొగ లేదు, మోసెటోని పానానికి మంచిది. మంచి మిషను ఖర్చు ఎవల మీద పడాలె అన్నదే నా పంచాది.

మనోల్ల వాకిట్ల ఏం నడుస్తున్నది

మన తెలుగోల్లు డల్లాస్ చుట్టుపక్కల మస్తు మంది ఇండ్లు కొనుక్కున్నరు. నాకు వరుసకు కొడుకయ్యే పిలగాడు టెక్సస్‌ల ఐటీ పని చేస్తడు. ఒకనాడు ఫోన్ల మాట్లాడుతుంటె గుయ్యిమని ఒకటే సప్పుడు. "కాకా, వారంల మూడు రోజులు గిదే లొల్లి. మీటింగుల నా మాట నాకే వినపడది" అన్నడు. "మరి మీ ఇంటి ముంగటి గడ్డి ఎవలు కోస్తరు బిడ్డా?" అని అడిగిన. జర సేపు ఊకున్నడు. "వాల్లే కాకా" అన్నడు.

పిలగాని తప్పు గాదు. అక్కడి కాలనీ సంఘాలు శాన కాడ గడ్డి ఇంత ఎత్తు దాటొద్దు, వాకిలి నీటుగ ఉండాలె అని రూల్స్ పెడ్తయి. పాటించకుంటె ఇంటాయనకు జుర్మానా. అంటె ముంగట ఆకు కనపడొద్దు అనేది వాల్లే, ఆకు తీసే సప్పుడు వినపడొద్దు అనేది వాల్లే. నడుమ నలిగేది పొద్దుగాల ఆరింటికి ట్రక్కు ఎక్కే పనోడు. సప్పుడు పుట్టేది ఇంజన్ల అనుకుంటం గని, దానికి ముందే "నా గడ్డి మీద ఒక్క ఆకు ఉండొద్దు" అనే మోజుల పుడ్తది. ఆకు రాలితె కొంప మునగది. చెట్టు కింద ఉంటె మురిగి ఎరువయితది. మన అవ్వలకు ఎరికైన ముచ్చటే.

డల్లాస్ నగరం గూడ పెట్రోలు మిషన్లను మెల్లమెల్లగ ఆపాలని ఆలోచన చేస్తున్న టైంలనే 2023ల రాష్ట్ర చట్టం వచ్చి అడ్డం పడ్డది. ఇగ అక్కడ చట్టం దారి మూసుకపోయింది. మాట్లాడుకునే దారి మిగిలింది. అక్కడున్న మన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక పని చెయ్యొచ్చు. తోటపనోనితోని టైం మాట్లాడుకోవచ్చు. బ్యాటరీ మిషను తెస్తె రేటు పెంచుతమని చెప్పొచ్చు. పది ఇండ్లు కలిస్తె ఆ పనోనికి మిషను గిట్టుబాటు అయితది.

యాభై అడుగుల అవుతల కొలిచే న్యాయం

ఇంకో ముచ్చట చెప్తె మీకు అసలు సంగతి సమజైతది. అమెరికాల బ్లోయర్ మీద సప్పుడు ఇన్ని డెసిబెల్స్ అని రాసి ఉంటది. డెసిబెల్ అంటె సప్పుడును కొలిచే కొలత. గా అంకె ఎక్కడ నిలబడి కొలుస్తరో తెలుసా? మిషనుకు 50 అడుగుల దూరంల. అంటె సుమారు 15 మీటర్లు. పక్కింటాయన నిలబడే జాగ అది. ఆ కాడ 65, 70 వచ్చే మిషను, మోసెటోని చెవి కాడ 90 దాటుడు మామూలు ముచ్చట. కొన్ని 100 దాంక పోతయి.

అక్కడి సర్కారు పరిశోధన సంస్థ నియోష్ ఏం చెప్తదంటె, చెవికి రక్షణ లేకుండ 85 డెసిబెల్స్ కాడ 8 గంటలు పని చెయ్యొచ్చు. అవుతల ప్రతి 3 డెసిబెల్స్‌కు టైం సగం చెయ్యాలె. 88 కాడ 4 గంటలు, 91 కాడ 2 గంటలు, 94 కాడ గంట. 100 కాడ 15 నిమిషాలే. పొద్దంత మోసెటోని చెవి ఏమైతదో మీరే లెక్క కట్టుండ్రి. సప్పుడుతోని పోయిన వినికిడి మల్ల రాదు. గాయం లెక్క నెత్తురు కారది గనుక ఎవలకూ కనపడది. మెల్లమెల్లగ మనిషి మాటలు తప్పిపోతయి.

మన దేశంల చట్టం గూడ గిట్లనే ఉన్నది. శబ్ద కాలుష్య నియమాలు 2000ల వచ్చినయి. ఇండ్లుండే కాడ పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దు. రాత్రంటె 10 నుంచి పొద్దుగాల 6 దాంక. గా హద్దుకు మీద 10 డెసిబెల్స్ పెరిగితె ఎవలైనా ఫిర్యాదు చెయ్యొచ్చు. నిమ్మలంగ బతికే హక్కు జీవించే హక్కుల భాగమే అని సుప్రీంకోర్టు 2005ల చెప్పింది. అన్నీ మంచియే. కని సప్పుడు అనంగనే మనకు డీజే ఒక్కటే యాదికొస్తది. 2024 అక్టోబర్‌ల హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపులల్ల డీజే బందు పెట్టినప్పుడు అందరం మాట్లాడినం. వీపు మీద ఇంజను మోసే మనిషి గురించి ఎవలు మాట్లాడిన్రు?

మన ఊర్లకు రాండ్రి. పత్తి మీద పురుగు పడ్డదంటె పెట్రోలు పంపు వీపుకేసుకొని పొద్దంత కొట్టే పిలగాండ్లు ఊరూరికి ఉన్నరు. ట్యాంకుకు ఇంత అని గుత్త. పల్లె ప్రకృతి వనంల, రోడ్ల పక్కపొంటి గడ్డి మిషను పట్టేది పంచాయతి కార్మికులు. నేను సూసినోల్లల్ల చెవులకు ఏమన్న పెట్టుకున్నోడు ఒక్కడు లేడు. మూతికి తువ్వాల కట్టుకుంటరు, చెవికి పాట పెట్టుకుంటరు. ఇంజను సప్పుడు మీద పాట వినపడాల్నంటె వాల్యూం ఇంకింత పెంచాలె. అంటె చెవికి రెండు దెబ్బలు. నలభై దాటినంక పెండ్లాం పిలిస్తె పలుకుతలేడని ఇంట్ల నవ్వుతరు. ఆయనకు వినపడుతలేదు.

మరి ఏం చెయ్యాలె?

మిషను బందు పెట్టుమని నేను అంటలేను. దంతెతోని, పొరకతోని మల్ల నడుములు ఇరగ్గొట్టుకోమనేది కూలికి పోని మనిషి మాట. నాలుగు పనులు మాత్రం మన చేతులల్ల ఉన్నయి.

ఒకటి, చెవి రక్షణ పనిచ్చెటోడే ఇయ్యాలె. రబ్బరు బిళ్లలో, చెవులు మూసే మఫ్లో, గుత్త మాట్లాడేటప్పుడే అడుగుండ్రి. మందు డబ్బాకు పెట్టే పైసల ముంగట ఇవి లెక్కల్లోకి రావు. పంచాయతి కార్మికులకైతె పంచాయతే కొనియ్యాలె. గ్రామసభల లేచి అడుగుండ్రి.

రెండు, సైలెన్సర్ ఊడిన మిషనును వీపుకెయ్యకుండ్రి. ఓనరును బాగు చేయించుమనుండ్రి. రిపేరు లేని ఇంజను సప్పుడు, పొగ, పెట్రోలు ఖర్చు మూడూ పెంచుతది.

మూడు, టైం మాట్లాడుకోండ్రి. మనిషి మార్చి మనిషి మోస్తె ఒక్కని చెవి మీద భారం సగమైతది. బడి పక్కన, దవాఖాన పక్కన ఏ టైంల నడపాల్నో ఊర్ల కూసొని మాట్లాడితె ఠానా దాంక పోవుడు ఉండది.

నాలుగు, రేపు మన దగ్గర గూడ పెట్రోలు మిషన్ల మీద చట్టం వస్తె, అప్పుడు కాలిఫోర్నియా లెక్క యాదికి తెచ్చుకోండ్రి. కొత్త మిషనుకు సబ్సిడీ ఎంత, అది మిషను ఓనరుకా మోసెటోనికా, జుర్మానా ఎవల పేరు మీద రాస్తరు అని మొదటి రోజే అడుగుండ్రి. చట్టం అమలైనంక అడిగితె లాస్ ఏంజెలెస్ తోటమాలుల లెక్క ఉపాసం కూసునుడే మిగుల్తది.

పక్కింటోని నిద్ర విలువైనదే. నేను కాదన. కని సప్పుడు కొలిచే మీటరును ఒక్కసారన్న 50 అడుగుల అవుతలి నుంచి తీసుకొచ్చి, మిషను మోసే మనిషి చెవి కాడ పెట్టాలె. ఆ అంకె సూసినంక మాట్లాడుదాం, ఎవల మీద జుర్మానా వెయ్యాల్నో.